సూది కదలని నిమిషం

ఈమధ్య మా కాలనీ పిల్లలిద్దరు ఇంటికి వచ్చారు. సౌండ్ ఇంజనీరింగ్ చదువుతున్నారట. ‘అంకుల్, మీ సర్వీసులో బెస్ట్ రికార్డింగ్ ఏది?’ అని అడిగారు. అలవాటుగా ఇద్దరు ముగ్గురు గొప్ప విద్వాంసుల కచేరీల సంగతి చెప్పి పంపేశాను. వాళ్లు వెళ్లాక కాఫీ గ్లాసులు కడుగుతూ, పిల్లలకు అబద్ధం చెప్పానే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు రికార్డిస్టుగా పనిచేసిన నాకు రోజూ గుర్తొచ్చే రికార్డింగ్ ఒకటే. అది సరిగ్గా ఒక నిమిషం. అందులో ఎవరూ పాడరు.

ఆ పిల్లలకు చెప్పనిది మీకు చెబుతాను. మీలో మైకు పట్టుకునేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త నిదానంగా చదవండి. మిగిలినవాళ్లు ముసలాడి చాదస్తం అనుకుని చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను పనిచేసింది ఒక ప్రసార సంస్థలో. పేరెందుకు లెండి, తప్పు నాది, సంస్థది కాదు. నగరానికి పడమట బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. ఎవరి నోట విన్నా కంప్యూటరే. మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే, గండిపేట మలుపు దాటినప్పటి నుంచి ఒక ఫామ్‌హౌస్ బోర్డు, ఒక ఇంజనీరింగ్ కాలేజీ బోర్డు, వాటి మధ్య ఇంకా అమ్ముడుపోని టమాటా తోట కనిపించేవి. ఏటికేడు తోటలు తగ్గి బోర్డులు పెరిగాయి.

మా సంగీత విభాగానికి ఒక మేడమ్ అధికారి. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి, నిజమైన విద్వాంసురాలు. సాయంత్రం సభలో కచేరీ చేసి మరునాడు పొద్దున్నే తొమ్మిదింటికల్లా ఆఫీసులో సంతకం పెట్టేవారు. సభల్లో మనం వినే రాగాలు సభల బయట ఎక్కడెక్కడ బతుకుతున్నాయో వెతికి రికార్డు చేద్దామని ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పై వాళ్లు ఒప్పుకునేసరికి ఏడాది పట్టింది. ఒప్పుకున్నాక జీపు ఇచ్చారు, టేపులు ఇచ్చారు, నన్ను ఇచ్చారు. నన్నివ్వడం వాళ్లు చేసిన పొరపాటని ఇప్పుడు అనిపిస్తుంది.

మొయినాబాద్ మండలంలో, హిమాయత్‌నగర్ అనే పల్లె (నగరంలోది కాదు) దాటాక లోపలికి ఒక ఊరు ఉంది. బీజాపూర్ రోడ్డు పొడుగునా అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. పండరిపురం విఠలుడికి మొక్కుకున్న కుటుంబాలవాళ్లు అక్కడ ఏటా ఉగాది వెళ్లాక సప్తాహం చేస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నామం ఆగకూడదు. భజన చేసేవాళ్లు తింటారు, పడుకుంటారు, పొలానికి పోయి నీళ్లు కట్టి వస్తారు. కానీ ఒకరు మాత్రం వీణ మెడకు తగిలించుకుని నిలబడే ఉండాలి, తీగ మీటుతూ, నామం చెబుతూ. దాన్ని పహరా అంటారు, కాపలా అన్నమాట. వంతు పూర్తయితే వీణ ఇంకొకరి మెడలోకి మారుతుంది, అదీ తీగ మోగుతుండగానే. కింద పెట్టకూడదు. ఆ వీణ మీరు కచేరీల్లో చూసేది కాదు. పొడుగాటి కర్ర, కింద సొరబుర్ర, రెండు తీగలు. దాని మీద రాగం పలకదు. శ్రుతి ఒక్కటే పలుకుతుంది.

ఆ ఊళ్లో మొదటి పహరా, చివరి పహరా ఒక పెద్దాయనవి. డెబ్బై దగ్గర వయసు, ఎండు కట్టె లాంటి ఒళ్లు, గొంతు మాత్రం నిండు కడవ. ఆయన తండ్రి పండరిపురం నుంచి ఆ వీణను నడిచి తెచ్చాడట. అందుకని మొదలు, చివర ఆ ఇంటివి. ఊళ్లో ఆయనకు రెండెకరాలు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆయన మర్యాదంతా ఆ రెండు పహరాల్లోనే ఉండేది.

మేం వెళ్లింది నాలుగో రోజు. ఆ పూట మామూలు వంతులో వీణ ఆయన మెడలోనే ఉంది. ఎండ చురుక్కుమంటున్న వేళ ఆయన ఒక కీర్తన అందుకున్నాడు. నేను హెడ్‌ఫోన్లు సర్దుకుంటుంటే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. ‘జోన్‌పురి అండీ ఇది, చక్కటి జోన్‌పురి!’ అన్నారు. నాకు రాగాల జ్ఞానం అంతంత మాత్రం, కానీ ఆమె కళ్లలో నీళ్లు చూసి లెవెల్ జాగ్రత్తగా పెట్టాను.

పాట అయ్యాక ఆమె వెళ్లి, తాతగారూ, ఇదే రాగం నేను కచేరీల్లో పాడతాను అని చెప్పారు. ఆయనకు ఆ పేరు తెలియదు. ‘పేరు నాకు తెల్వదు బిడ్డా. ఇది ఎండ ఎక్కినంక పాడేది’ అన్నాడు. మీరు ఎప్పుడు పాడతారని అడిగాడు. సాయంత్రం ఏడున్నరకు అని ఆమె చెబితే, వేలు తీగ మీద ఆడిస్తూనే నవ్వాడు. పట్నంలో దేవుడికి పొద్దు తెలవదు కావొచ్చునని ఎకసెక్కం చేశాడు. మేడమ్ కూడా నవ్వేశారు. అక్కడ దేవుడి కోసం ఎవరూ పాడరు తాతగారూ, టికెట్ కొన్నవాళ్ల కోసం పాడతాం అన్నారు. ఆయన కొంచెం ఆలోచించి, వాళ్లు చెవి పెట్టి వింటే అదీ మంచిదే అన్నాడు.

పక్కన తబలా వాయిస్తున్నది మొయినాబాద్ సెంటర్‌లో బట్టలు కుట్టే దర్జీ సాబ్. ముప్పై ఏళ్లుగా ఆ ఊరి భజన మండలికి ఆయనే తబలా. మేడమ్ ఆయన్ని కూడా మాట్లాడించారు, మీరు నమాజు చదివే మనిషి కదా, ఇక్కడికి ఎలా అని. ఆయన తడుముకోకుండా చెప్పాడు. ‘నేను గిక్కడికి దేవుని కోసం రానమ్మా. తాళం కోసం వస్త. దేవుని కాడికి శుక్రారం పోత.’ పెద్దాయన తీగ మీటుతూనే, వీడికి తాళమే దేవుడు అని మమ్మల్ని చూసి కన్ను గీటాడు. ఆ మాటలన్నీ టేపులో ఉన్నాయి. వాటి జోలికి నేను పోను.

మా పనిలో ఒక నియమం ఉంది. ఎక్కడ రికార్డు చేసినా, మూట కట్టుకునే ముందు ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోవాలి. వినడానికి పిచ్చి అనిపిస్తుంది. కానీ ఏ చోటి నిశ్శబ్దం ఆ చోటిదే. రేకుల పందిరి కింది నిశ్శబ్దం వేరు, రాతి గుడిలోది వేరు. తర్వాత ఆఫీసులో బ్లేడుతో టేపు కోసి పాటకూ పాటకూ అతుకు వేసేటప్పుడు, మధ్యలో ఉత్త టేపు పెడితే వినేవాడు గొయ్యిలో కాలు పెట్టినట్టు ఉలిక్కిపడతాడు. అక్కడి నిశ్శబ్దమే తెచ్చి ఆ సందుల్లో నింపాలి. సర్వీసులో చేరిన మొదటి వారం మా గురువు ఇది నేర్పాడు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఆ రోజైనా మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది!

మధ్యాహ్నం పన్నెండు దాటింది. కావలసింది అంతా వచ్చేసింది. మండలి అధ్యక్షుణ్ని పిలిచి, అందరూ ఒక్క నిమిషం మాట్లాడకుండా, కదలకుండా ఉండాలని చెప్పాను. ఆయన మాజీ సర్పంచు. తమ సప్తాహం ప్రసారం అవుతుందని నాలుగు ఊళ్లకు చెప్పుకున్న మనిషి. మైకు సెట్టు ఆపించాడు, పిల్లల్ని అవతలికి తోలించాడు, పక్క పొలంలో మోటారు బంద్ చేయించాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఇంకా ఒక చప్పుడు మిగిలింది. వీణ.

‘పెద్దాయనా, అది కూడా’ అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నేను తీగను చూపించాను. ‘సారు, ఇది ఆపేది కాదు’ అన్నాడు.

ఒక్క నిమిషమే, అరవై లెక్కపెట్టేలోపు అయిపోతుంది అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ‘మా బాపు సచ్చిన నాడు సుత ఆపలే’ అన్నాడు, చిన్నగా.

అప్పుడే నేను మైకు తీసేసి ఉండాలి. కానీ నాలో రికార్డిస్టు గట్టివాడు. నిశ్శబ్దం లేకుండా ఆఫీసుకు తిరిగి వెళ్లిన రికార్డింగ్ నా చేతి మీద ఒక్కటీ లేదు. ఆ గర్వం ఉంది చూశారూ, అది చాలా చెడ్డది. నేను అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన విసుగ్గా, సర్కారోళ్లు గంత దూరం నుంచి వస్తే ఒక్క నిమిషానికి ఏమైతది అన్నాడు. 

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ఎడమ అరచెయ్యి తీగల మీద అదిమాడు. మెడలోని కండువా కొస జారి కుడిచేతి మీద పడింది. పెదవులు బిగించాడు. నేను మీట నొక్కాను.

ఇక్కడ నా నేరం అసలు ముక్క చెబుతాను. ఆ ఎండకు, పొద్దున్నుంచీ హెడ్‌ఫోన్ల కింద చెవులు ఉడికిపోయాయి. ఉన్నది నిశ్శబ్దమే కదా అని వాటిని మెడలోకి జార్చుకున్నాను. మిషను మీద మీటరు ఉంటుంది, అందులో ఒక సన్నటి సూది. శబ్దం వస్తే లేస్తుంది, లేకపోతే పడుకుంటుంది. నేను ఆ నిమిషమంతా సూదినే చూశాను. సూది కదలలేదు. భేషైన నిశ్శబ్దం అనుకున్నాను. జీవితమంతా చెవులతో అన్నం తిన్నవాణ్ని, ఆ ఒక్క నిమిషం కళ్లతో విన్నాను.

నిమిషం కాగానే చెయ్యి ఎత్తాను. పెద్దాయన అరచెయ్యి తీశాడు, తీగ మళ్లీ ఖంగున మోగింది.  వెనక కూర్చున్న ముసలమ్మ ఒకామె చెంపలు వేసుకుంది. మాకు జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు పెట్టారు. కడుపునిండా తిని జీపెక్కాం.  మొయినాబాద్ దాటాక మేడమ్, మనం చేసింది బాగాలేదండీ అన్నారు. నిశ్శబ్దం లేకుండా ఎడిటింగ్ మీరు చేస్తారా మేడమ్ అని ఎదురడిగాను. 

కార్యక్రమం ప్రసారమైంది. బాగుందని ఉత్తరాలు వచ్చాయి. ఆ నిమిషానికి కాపీ తీసి, ముక్కలు కోసి, కీర్తనకూ కీర్తనకూ మధ్య సందుల్లో అతికించాను. ఎక్కడా అతుకు తెలియలేదని మా ఇంజనీరు మెచ్చుకున్నాడు. అసలు టేపును డబ్బాలో పెట్టి, డబ్బా మీద ‘నిశ్శబ్దం – 1 నిమిషం’ అని రాసి స్టోరులో పెట్టించాను.

మరుసటి ఏడు ఉగాది ఇంకా పది రోజులుందనగా ఆయన ఆఫీసుకు వచ్చాడు.

ఆ వారం మా దగ్గర పెద్ద హడావుడి. కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఇకమీదట టేపులూ బ్లేడులూ ఉండవని, తెర మీదే కోత, తెర మీదే అతుకు అని ఒక కుర్ర నిపుణుడు మాకు పాఠాలు చెబుతున్నాడు. యాభై దాటిన మేమంతా మౌసు పట్టుకోవడం రాక చెమటలు కక్కుతున్నాం. ఈ పని రాకపోతే ఉద్యోగం నిలుస్తుందా అని లోపల భయం. సరిగ్గా అప్పుడు ప్యూను వచ్చి, చేవెళ్ల దిక్కు నుంచి ఎవరో ముసలాయన వచ్చిండు, రెండు గంటల నుంచి మెట్ల కింద కూర్చున్నడు అని చెప్పాడు.

ఉతికిన ధోవతి, భుజాన సంచి, సంచి నిండా టమాటాలు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. సంగతి వరసగా చెప్పాడు. ఆ సప్తాహం ముగిశాక ఊళ్లో ఏదో ఒకటి అవుతూనే ఉందట. బోర్లు ఎండాయి, భూములు అమ్మకానికి వచ్చి అన్నదమ్ములు కొట్టుకున్నారు. ఎక్కడ తేడా వచ్చిందని మండలివాళ్లు కూర్చుని, నామం ఖండమైంది, అందుకే అన్నారట. ఎవరి చేతుల్లో ఖండమైంది? వీణ ఎవరి మెడలో ఉంటే వాళ్ల చేతుల్లో. జనాన్ని చుప్‌గుండమన్న కానీ వీణను ఆపమన్ననా అని అధ్యక్షుడు తప్పుకున్నాడట. ఈ ఏడు మొదటి పహరా వేరే ఇంటికి ఇస్తామంటున్నారు.

నా పేరు ఎవరూ ఎత్తలేదట. ఆయన కూడా ఎత్తలేదు, నా ముందు కూడా.

‘నేను ఆపలే సారు. అరచెయ్యి పెట్టిన, అది నిజమే. కని ఏలు ఆపలే. నామం నోట్లనే నడుస్తున్నది. పక్కకున్న దర్జీ సాబ్ విన్నడు. ఆయన నీ దోస్తు గద, గట్లనే అంటడు అంటున్నరు. నీ మిషన్ల పడే ఉంటది. జర విని చెప్పు.’

స్టోరు తాళంచెవి నా సొరుగులోనే ఉంది. డబ్బా వెతికి, పాత మిషను మీద ఎక్కించి వినడానికి పట్టేది పావుగంట. కానీ లోపల పాఠం జరుగుతోంది, నా మౌసు నా కోసం ఎదురు చూస్తోంది. అది ఒక కారణం. ఇంకో కారణం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ నిశ్శబ్దంలో చప్పుడు ఉందని తేలితే అది నా పనిలో తప్పు అవుతుంది. నా నిశ్శబ్దాలు శుభ్రంగా ఉంటాయని నాకు పేరు.

మనసులో అనుకున్నది మిషనులో పడదు పెద్దాయనా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ‘మనసుల కాదు సారు, ఏలుతోని’ అని కుడిచేతి చూపుడువేలు ఎత్తి నాకు చూపించాడు. దాని కొస తీగకు కాయ కాసి పసుపు పచ్చగా ఉంది.

వినడం కుదరకపోతే కాయితం మీద రాసి ఇమ్మన్నాడు. సర్కారు రాత చూపిస్తే మండలివాళ్లు కాదనలేరని ఆయన నమ్మకం. నాకు అది తేలికనిపించింది. లాగ్ షీట్ తెప్పించి, అందులో ఆ రోజు నా చేత్తో రాసుకున్నది చూసి, ఆఫీసు కాయితం మీద రాశాను. ఫలానా చోట ఫలానా కార్యక్రమంలో ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేయడమైనది, అందులో ఏ శబ్దమూ లేదు, రికార్డింగ్ శుభ్రంగా ఉన్నది. కింద సంతకం పెట్టి ముద్ర వేశాను.

ఆయనకు చదువు రాదు. ఏం రాసినవు సారు అని అడిగాడు. ‘ఉన్నది ఉన్నట్టు రాశాను’ అన్నాను.

ఆ కాయితాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. టమాటాల సంచి నా కాళ్ల దగ్గర పెట్టి, వద్దన్నా వినకుండా వెళ్లిపోయాడు. వాటితో మా ఆవిడ పచ్చడి చేసింది. పుల్లగా, చాలా బాగుంది. వారం తిన్నాం.

తర్వాత ఆరేడేళ్లు ఆయన గుర్తుకు రాలేదు. సాకు కోసం చెప్పడం లేదు, నిజంగానే రాలేదు. మౌసు పట్టడం వచ్చింది. మేడమ్ బదిలీ మీద వెళ్లిపోయారు. నగరం పెరిగి పెరిగి మొయినాబాద్ దాకా పాకింది. నేను రిటైరు కావడానికి ఏడాది ఉందనగా, పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టారు. దానికి కాంట్రాక్టు మీద ఒక అమ్మాయిని తీసుకున్నారు. వాళ్ల నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. పిల్ల కూడా ఆ చదువే చదివింది, పైగా చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకుంది. చురుకైన పిల్ల. నన్ను మాస్టారూ అనేది.

సప్తాహం టేపుల వంతు వచ్చింది. పాతబడి వాటిలో బుస, అదే టేపు ‘స్స్’మనే రొద, ఎక్కువైంది. ఆ బుస తీసేయాలంటే కంప్యూటర్‌కు ముందు ఉత్త బుస ఎలా ఉంటుందో చూపించాలట. ‘మాస్టారూ, ఇదే చోట రికార్డు చేసిన ప్యూర్ సైలెన్స్ ఏమైనా ఉందాండీ?’ అని అడిగింది. నా ఛాతీ ఉబ్బింది. ఎందుకు లేదమ్మా అంటూ స్వయంగా స్టోరుకు వెళ్లి, దుమ్ము తుడిచి, ఆ డబ్బా తెచ్చి ఇచ్చాను. ఇంతకంటే శుభ్రమైన నిశ్శబ్దం నీకు ఈ బిల్డింగులో దొరకదని కూడా అన్నాను.

ఆమె తెర మీద దాన్ని పెద్దది చేసి చూసింది. ముఖం చిట్లించింది. ఇంకా పెద్దది చేసింది.

‘ఇది సైలెన్స్ కాదండీ మాస్టారూ. ఏదో కొడుతున్నట్టుంది, సమానంగా. ఇదిగో, చూడండి.’

తెర మీద సన్నటి గీత. గీత మీద చిన్న చిన్న బొడిపెలు, ఒకదానికీ ఒకదానికీ ఒకే దూరం, ఈ చివర నుంచి ఆ చివరి దాకా. ఆమె వాల్యూమ్ బాగా పెంచి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టింది. బుస, దూరంగా రోడ్డు మీద ఒక లారీ. వాటి కింద, అరచేతితో అదిమిపెట్టిన తీగ మీద వేలు తగులుతున్న చప్పుడు. టక్, టక్, టక్. అది మోగడం కాదు, ఒట్టి తగలడం. దాని కింద, పెదవులు కదలకుండా గొంతులోనే నలుగుతున్న విఠల నామం. అరవై సెకన్లు. ఒక్క దెబ్బ తప్పలేదు.

ఎవరండీ ఈయన, లయ ఎంత బాగుందో అంది ఆ అమ్మాయి. నేను బాత్‌రూంలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. ఈ నిమిషాన్ని ముక్కలు చేసే కదా ఆనాడు సందులన్నీ నింపాను. మేం ప్రసారం చేసిన గంటలో కీర్తన ఆగిన ప్రతిచోటా ఆయన వేలు నడుస్తూనే ఉందన్నమాట. అంత అఖండంగా నేనెప్పుడూ ఏ కార్యక్రమమూ చేయలేదు, అది నాకే తెలియలేదు.

ఆ శనివారమే బయల్దేరాను. నిమిషాన్ని ఒక చిన్న ప్లేయర్‌లోకి ఎక్కించి ఇచ్చింది ఆ అమ్మాయి. రాత్రి కూర్చుని రెండో కాయితం రాశాను. నేను ముందు ఇచ్చిన రాత తప్పు, నేను వినకుండా రాశాను, ఆ నిమిషంలో తీగ ఆగలేదు, నామం ఆగలేదు అని. ఈసారి సంతకం కింద నా పూర్తి పేరు, ఇంటి అడ్రసు కూడా వేశాను.

ముందు మొయినాబాద్‌లో దిగి దర్జీ సాబ్ దుకాణానికి వెళ్లాను. గడ్డం పూర్తిగా తెల్లబడింది కానీ నన్ను గుర్తుపట్టాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగాను. పోయి రెండేళ్లయింది అన్నాడు.

నేను ప్లేయర్ తీసి హెడ్‌ఫోన్లు ఆయనకు ఇచ్చాను. ఆయన కుట్టుమిషను ఆపి పెట్టుకున్నాడు. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత ఆయన చూపుడువేలు మిషను బల్ల మీద తనంతట తాను కదలడం మొదలుపెట్టింది. నిమిషం అయ్యాక ఇంకోసారి పెట్టమన్నాడు. మూడుసార్లు విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

సప్తాహం ఇప్పటికీ జరుగుతుందట. భూములు అమ్ముకుని సగం మంది నగరానికి పోయారు. పహరాకు మనుషులు దొరక్క ఒక చిన్న నామం పెట్టె తెచ్చి పెట్టారట. కరెంటు ఉన్నంతసేపు అదే చెబుతుంది. కరెంటు పోతే ఆగుతుంది, ఎవరూ పట్టించుకోరు.

నేను రెండో కాయితం తీసి ఇచ్చాను. ఆయన మెల్లగా అంతా చదివాడు. కోపం వస్తే బాగుండుననుకున్నాను, తిట్టినా బాగుండును. గుడ్డ మడిచినట్టు కొసలు కలిపి మడిచి తిరిగి నా చేతిలో పెట్టాడు.

‘ఆనాడు నీ కాయిదం తెచ్చి సీదా గిక్కడికే వచ్చిండు సార్. గీ స్టూలు మీదనే కూసున్నడు. చదువు అన్నడు. చదివిన. చింపేస్త అన్న. వద్దు, సర్కారు కాయిదం, చింపొద్దు అన్నడు. నువ్వు ఆపలే, నేను పక్కకే ఉన్న, నా చెవులతోని విన్న అన్న. ఏమన్లే. తీస్కపోయి ఆయనే మండలోళ్ల చేతుల పెట్టిండు. వాళ్లు వీణ తీస్కున్నరు.’

దానికి ఆయన బాధపడ్డాడా అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్న! దర్జీ సాబ్ మిషను సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పాడు.

‘వీణ పోయిందని ఫికర్ చెయ్యలే సార్. వేరే ఫికర్ పట్టుకున్నది. నేను నిజంగ ఆపిన్నేమో, నాకే తెల్వలేదేమో అని. భజనకు వచ్చుడు బంద్ చేసిండు. పోయేముందు దవాఖానల నా చెయ్యి పట్టుకోని అడిగిండు, నేను ఆపిన్నా అని. ఆపలే అన్న, ఖురాన్ మీద ఒట్టు అన్న. నీకు నా మీద పావురం, దోస్తువు గద, నువ్వట్లనే అంటవు అన్నడు. కాయిదంల ఉన్నది గద, అన్నడు.’

ఆయన మిషను చక్రం తిప్పి ఆగిన కుట్టు మళ్లీ మొదలుపెట్టాడు. నేను రెండో కాయితం జేబులో పెట్టుకుని, చేవెళ్ల నుంచి వచ్చే బస్సు కోసం రోడ్డు దాటాను.